కోనసీమలో ఇంటి వద్ద వృద్ధుల సంరక్షణ

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ చీలిపోయే చోట ఉన్న డెల్టా నేల కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అన్నది దాని అధికారిక నామం. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లో వయసు మళ్ళినవారు చాలామటుకు సొంత ఇంటిలోనో, కొడుకు ఇంటిలోనో, కూతురి ఇంటిలోనో చివరి వరకు ఉంటారు. మంచాన పడినా ఇంట్లోవాళ్ళే చూస్తారు. అలా చూడడం కర్తవ్యమన్న భావన ఈ ప్రాంతంలో బలంగా ఉంది. తక్కువగా ఉన్నది చేసే చేతులు, ఆ చేతులకు నేర్పు, నడుమ నడుమ కాస్త విశ్రాంతి. ఇంటి సంరక్షణలోని కష్టాలు, పెద్దలకు తెలియకుండానే జరిగే అగౌరవాలు ఎక్కువగా ఈ మూడు కొరతల నుంచే పుడుతున్నాయి.

చూసే చేతులు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 8.6 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఐదారుగురు సంతానం ఉన్న తరం ఇప్పుడు మంచం మీద ఉంది. ఒకరిద్దరు పిల్లలున్న తరం వారిని చూస్తోంది. ఈ రెండో తరానికి వయసు మీరేనాటికి, వంతు పంచుకునేందుకు వారి పిల్లలకు తోబుట్టువులు కూడా అంతగా ఉండరు.

దీనికి తోడు వలస. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో స్థిరపడ్డారు. చదువుకు నోచుకోని ఆడవాళ్ళు కొన్ని దశాబ్దాలుగా కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు ఇంటిపనికి వెళ్తున్నారు. రాజోలు, మలికిపురం వైపు పల్లెల్లో గల్ఫ్‌లో ఎవరూ లేని వీధిని వెతుక్కోవాలి. అక్కడ వీళ్ళు చేసే పనిలో పెద్ద భాగం పసిపిల్లలనూ ముసలివాళ్ళనూ చూసుకోవడమే. కువైట్‌లో ఒక ముసలమ్మకు స్నానం చేయించి, అన్నం కలిపి తినిపించే కూతురి సొంత తల్లి ఇక్కడ మనవలను పెంచుతూ ఉంటుంది. ఆ తల్లికే పక్షవాతం వస్తే చూసే చేతులు సముద్రం అవతల ఉంటాయి. ఇటువంటి వలసకు కేంద్రం 30 ఏళ్ళ కనీస వయసు పెట్టింది. మోసగాళ్ళ బెడద తగ్గించడానికి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యత ఓంక్యాప్ సంస్థది. వెళ్ళేవారి భద్రత గురించి ఇంత ఆలోచన జరిగింది. వెనక మిగిలిన ముసలివాళ్ళ గురించి అందులో పదోవంతు కూడా జరగలేదు.

అన్నదమ్ములు ఎక్కువమంది ఉన్న ఇళ్ళలో వంతుల పద్ధతి నడుస్తోంది. నెలకొకరో, మూడు నెలలకొకరో తల్లిదండ్రులను దగ్గర పెట్టుకుంటారు. కొన్నిచోట్ల తండ్రి ఒకరి వంతు, తల్లి మరొకరి వంతు. యాభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికినవారిని అలా విడదీయడానికి ఏ లెక్కా సరిపోదు. వంతు మారినప్పుడల్లా మందుల డబ్బా, డాక్టరు చీటీలు, అలవాటైన దిండు, కళ్ళజోడు కూడా మారాలి. ఏదో ఒకటి వెనక ఉండిపోతుంది. కొత్త ఇంట్లో రాత్రివేళ దొడ్డిదారి తెలియక పడిపోయేవాళ్ళు ఉంటారు. వంతులు తప్పనిసరైతే మనిషి ఒకచోట ఉండి, చేసేవాళ్ళు వంతులవారీగా వచ్చిపోవడం మేలు. డబ్బు పంపేవారిది ఒక వంతు, రాత్రులు మేలుకునేవారిది ఒక వంతు, ఆస్పత్రికి తిప్పేవారిది ఇంకో వంతు అనుకుంటే కుదురుతుంది.

నిజానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సంరక్షకురాలు భార్య. భర్త కన్నా ఆమె ఆరేడేళ్ళు, కొన్ని జంటల్లో పదేళ్ళు చిన్నది. తన మోకాళ్ళు అరిగిపోయినా ఆయన్ని లేపి కూర్చోబెట్టేది ఆమే. శ్రీరమణ కథ ‘మిథునం’, దాని ఆధారంగా తనికెళ్ళ భరణి 2012లో తీసిన చిత్రం పిల్లలు దూరాన ఉన్న ఇలాంటి వృద్ధ జంటను తెలుగువారికి ఎంతో ఇష్టమైన బొమ్మగా నిలిపాయి. ఆ ఇద్దరిలో ఒకరు మంచాన పడిన ఇళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. భర్తకు సేవ చేసినవాళ్ళు చేసినన్నాళ్ళూ చేసి, తమ వంతు వచ్చేసరికి ఒంటరిగా మిగులుతున్నారు.

జీతానికి మనిషిని పెట్టుకోవడం పట్టణాల నుంచి పల్లెలకు పాకింది. ఊళ్ళో తెలిసిన ఆవిడో, ఏజెన్సీ పంపిన కేర్‌టేకరో వస్తుంది. ఒంటిమీద చేయివేసి చేసే ఈ పని చేసేవారిలో ఎక్కువమంది పేద ఇళ్ళ ఆడవాళ్ళు. కొన్ని ఇళ్ళలో వారికి విడి గ్లాసు, విడి పళ్ళెం పెట్టే అలవాటు ఇంకా పోలేదు. మా అమ్మను గౌరవంగా చూడమని ఒక మనిషిని అడిగేటప్పుడు ఆ మనిషిని మనం ఎలా చూస్తున్నామన్నది కూడా ఆ సేవలో భాగమే. వారానికో సెలవు, రాత్రి నిద్రకు చోటు, జీతం ఎంతో ముందే మాట, పని ఎంతవరకో ముందే మాట ఉండాలి. ఇంటిపనంతా మీద వేసి పెద్దాయన్ని కూడా చూసుకోమంటే ఆయన వంతుకు మిగిలేది ఆమె అలసటే.

ఇల్లు

కోనసీమ పాత ఇళ్ళు అందమైనవి, ముసలికాళ్ళకు కష్టమైనవి. పెంకుటింటి మండువాలో ఎత్తు గడపలు, వానాకాలం జారే నాపరాళ్ళు, పెరట్లో పాచిపట్టిన నూతి పళ్ళెం, ఇంటికి దూరంగా కట్టిన మరుగుదొడ్డి. తుంటి ఎముక విరగడానికి ఇవి చాలు. ఆ ఒక్క ఎముక విరగడంతో మంచాన పడి మళ్ళీ లేవనివారు ఎందరో. గడపకు వాలుగా చెక్క వేయడం, గోడ పొడుగునా పట్టుకోవడానికి కడ్డీ, దొడ్డికి గరుకు రాళ్ళు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, మంచం పక్కన కమోడ్ కుర్చీ. ఇవన్నీ కలిపినా ఒక ఆపరేషన్ ఖర్చులో కొంతే అవుతుంది. లోతుగా కుంగిన నవారు మంచం మీంచి లేవడం మోకాళ్ళ నొప్పులవారికి గండం. పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తులో, గట్టిగా ఉన్న మంచం కావాలి.

పాత ఇంటిలో ఒక గొప్ప వసతి అరుగు. పెద్దాయన్ని ఒకపూటైనా అరుగు మీద కూర్చోబెడితే దారినపోయేవారు పలకరిస్తారు, కొబ్బరి ధర చెబుతారు, ఎవరింట పెళ్ళో చెబుతారు. కొత్త డాబాల్లో పెద్దవాళ్ళకు వెనక గది కేటాయిస్తున్నారు. శుభ్రంగానే ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది, మనుషులు మాత్రం కనబడరు. వెనక గదికంటే వీధి వైపు కిటికీ ఉన్న గది ఎంత చిన్నదైనా మంచిది.

రోజూ చేసే సేవ

గోదావరి జిల్లాల మాటతీరులో మర్యాద పుష్కలం. ‘ఆయ్’ అంటారు, మాట చివర ‘అండి’ చేరుస్తారు. అదే పెద్దాయన మంచాన పడ్డాక ఆ ‘అండి’ జారిపోతుంది. ఆయన ముందే ఆయన లేనట్టు మాట్లాడుకుంటారు: “రాత్రంతా పడుకోనివ్వలేదు”, “రెండుసార్లు పక్క తడిపేశాడు”. వినికిడి తగ్గినా అవమానం వినబడుతుంది. కొత్తగా వచ్చిన కేర్‌టేకరు అందరినీ తాతగారూ, మామ్మగారూ అనడం సహజమే. కానీ నలభై ఏళ్ళు బడిలో పాఠం చెప్పిన మనిషిని ‘మేష్టారూ’ అంటే ఆయన ముఖం తిప్పి చూస్తారు. ఏమని పిలవాలో మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి.

ఒంటిమీద చేయి వేసే ముందు చెప్పడం సేవలో మొదటి నియమం. “పక్కకు తిప్పుతున్నానండి”, “నీళ్ళు పోస్తున్నానండి” అని చెప్పి, ఒక క్షణం ఆగి, తర్వాత చేయాలి. హఠాత్తుగా లాగితే శరీరం బిగుసుకుంటుంది. అప్పుడు చూసేవారికీ బరువే, పడుకున్నవారికీ నొప్పే. స్నానం దగ్గర సిగ్గు మరీ ఎక్కువ. మావయ్యగారికి కోడలు, తల్లికి కొడుకు చేయించాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ నలిగిపోతారు. తలుపు వేసి, ఒంటిమీద ఒక పొడి తువ్వాలు కప్పి ఉంచి, తుడిచే భాగం మాత్రం తీసి, అది తుడిచి ఆరబెట్టి కప్పి, తర్వాతి భాగానికి వెళ్తే ఆ ఇబ్బంది చాలా తగ్గుతుంది. చేయి ఆడేవారి చేతికి గుడ్డ ఇచ్చి, మర్మభాగాలు తామే తుడుచుకోమనడం ఇంకా మంచిది. చేయగలిగిన పనిని వాళ్ళ చేత చేయనివ్వడం ఆలస్యమే. బొత్తాం పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టవచ్చు. ఆ పది నిమిషాలు ఇవ్వకపోతే నాలుగు నెలల్లో ఆ చేయి ఆ పని మరిచిపోతుంది.

పడక పుండ్లు ఇంటి సంరక్షణకు పెద్ద పరీక్ష. ఎముక ఉబికిన చోట, అంటే నడుం కింద, తుంటి, మడమ, మోచేయి, తల వెనక, ఒత్తిడికి రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. మొదట తగ్గని ఎరుపుగా, నల్లని ఒంటిపై ముదురు మచ్చగా కనిపిస్తుంది. కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఈడ్చకూడదు, కింద పరిచిన దుప్పటిని ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపాలి. ఎర్రబడిన చోట గట్టిగా మర్దనా చేస్తే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. కోనసీమలో ఇంటింటా కొబ్బరిపీచు పరుపులుంటాయి. నడుము నొప్పికి మంచిదని కొంటారు, కానీ రోజంతా కదలకుండా పడుకునేవారికి దాని గట్టిదనం చేటు. దాని మీద గాలి పరుపు వేయాలి. వేసినా పక్క మార్చడం మానకూడదు. చాలామంది పరుపు కొన్నాక మార్చడం ఆపేస్తారు. పుండు అక్కడే మొదలవుతుంది.

తిండి దగ్గర ప్రేమ తొందరపడుతుంది. పక్షవాతం వచ్చినవారికి, మతి తప్పినవారికి మింగుడు దెబ్బతింటుంది. పడుకోబెట్టి తాగించిన నీరు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చిన్న ముద్ద పెట్టి, మింగారని చూసి మరో ముద్ద పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పల్చటి నీళ్ళకంటే చిక్కటి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తేలిగ్గా దిగుతాయి. నీళ్ళు తాగినప్పుడల్లా దగ్గు వస్తున్నా, గొంతు తడి తడిగా వినబడుతున్నా డాక్టరుకు చెప్పాలి. చేపంటే ప్రాణం పెట్టే ఊరిది. కూర మానేయక్కర్లేదు, వేళ్ళతో వెతికి ముల్లు తీసి పెట్టే ఓపిక ఉంటే చాలు.

కొబ్బరినీళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ ఏ జబ్బుకైనా ముందు బొండం కొడతారు. అందులో పొటాషియం చాలా ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, కొన్ని రకాల బీపీ, గుండె మాత్రలు వాడేవారికి అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఇలాంటివారికి డాక్టరును అడిగాకే బొండం. మరోవైపు, వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి వేసవిలో అడగకపోయినా నీళ్ళు ఇస్తూ ఉండాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే మానేసే ఆడవాళ్ళు ఎందరో. దానికి మందు మంచం పక్కన కమోడ్ కుర్చీ, విసుక్కోని మనిషి.

ఆత్రేయపురం పూతరేకు ఒకటి తినాలని ఎనభై ఏళ్ళ షుగరు మనిషి అడిగితే ఏం చేయాలి? నిషేధం తేలిక. సగం ఇచ్చి, ఆ పూట అన్నం తగ్గించి, డాక్టరుతో మాట్లాడి పెట్టుకునే ఏర్పాటు కష్టం. కానీ ఆ కష్టం పడడమే గౌరవం. తన ఒంటి గురించి తాను నిర్ణయించుకునే హక్కు వయసుతో రద్దు కాదు.

ఊళ్ళోకి తీసుకెళ్ళడం కూడా సేవే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, ఆదివారం చర్చి ప్రార్థన: జీవితమంతా వెళ్ళినవారు మంచాన పడ్డ ఏడాది నుంచి వెళ్ళరు. జనంలో కుదరకపోతే ప్రభలు ఊరు దాటే దారి పక్కన ఆటోలో కూర్చోబెట్టి చూపవచ్చు. పాస్టరుగారిని ఇంటికి పిలిచి ప్రార్థన పెట్టించుకునే అలవాటు రాజోలు వైపు ఉంది. అది పెద్దవాళ్ళకు సంఘంతో తెగని తాడు.

మతిమరుపు వచ్చినప్పుడు

అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులను ఇక్కడ చాలాకాలం చాదస్తం కింద కొట్టిపారేశారు. అడిగిందే అడగడం, తిన్నాక తినలేదనడం, కోడలు డబ్బు దొంగిలించిందనడం జబ్బు లక్షణాలు. ఇంట్లో పెద్ద తగవులకు అవే కారణమవుతాయి. వాదించి నెగ్గలేం. “డబ్బు వెతుకుదాం రండి” అని చేయిపట్టి లేపడం, తర్వాత మాట మళ్ళించడం పనిచేస్తాయి. సాయంత్రమయ్యేసరికి అలజడి పెరగడం మామూలు; అప్పుడు గదిలో వెలుతురు ఉంచాలి, టీవీ గోల తగ్గించాలి. బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో వెలువడిన తన పుస్తకంలో జబ్బు వెనక ఉన్న మనిషిని ముందు చూడాలని వాదించారు. ప్రపంచమంతటా మతిమరుపు సేవ ఆ తర్వాత మారింది. మన దేశంలో 1992లో కేరళలో ఏర్పడిన అల్జీమర్స్ సంఘం కుటుంబాలకు ఈ మెలకువలు నేర్పుతోంది.

కోనసీమలో మతి తప్పినవారికి పెద్ద ప్రమాదం నీరు. ఇల్లు దాటితే బోదె, వీధి దాటితే చెరువు, ఊరు దాటితే కాలువ. గేటుకు గంట కట్టడం, జేబులో ఫోన్ నంబరు కుట్టడం, వీధిలో నలుగురికి ముందే చెప్పి ఉంచడం అవసరం. దాచిపెట్టడం వల్ల పరువు దక్కదు, మనిషి దక్కకపోవచ్చు. ఒక హెచ్చరిక: నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో అయోమయంలో పడితే అది మతిమరుపు జబ్బు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్త మందు వంటివి కారణం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

పింఛను, చట్టం

వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 1,000 రూపాయలు అయింది. 2019లో 2,000 దాటింది. 2024 జూలై నుంచి 4,000గా ఇంటి గుమ్మంలో ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000. ఒకటో తారీఖున చేతికొచ్చే ఆ డబ్బు ముసలివారికి ఇంట్లో మాట విలువ తెచ్చింది. వారి చేతిలోంచి అది మరొకరి చేతికి పోకుండా చూడడం కుటుంబం బాధ్యత. 70 దాటినవారందరికీ 2024 అక్టోబరు 29న విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. ఇంట్లో రాత్రింబవళ్ళు చేసే సేవకు అందులో చోటు లేదు.

2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద అమలాపురం, కొత్తపేట ఆర్డీవోలు ట్రైబ్యునల్‌గా వ్యవహరిస్తారు. పిల్లలు చూడకపోతే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు, నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఇక్కడ తగవులన్నీ కొబ్బరితోట చుట్టూ తిరుగుతాయి. చూసుకుంటారని తోట రాసిచ్చాక చూడకపోతే 23వ సెక్షను ప్రకారం ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. చూసుకోవాలన్న షరతు ఉండడం ముఖ్యమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది; 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. కాబట్టి రాయించేటప్పుడే ఆ షరతు దస్తావేజులో రాయించాలి. ఫోన్‌లో సలహా కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

వరద వేళ

ధవళేశ్వరం వద్ద 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. బూరుగులంక, ఉడిమూడిలంక వంటి లంక గ్రామాలకు పడవే దారి. మంచాన ఉన్నవారిని రెండో హెచ్చరిక రాకముందే గట్టుమీది బంధువుల ఇంటికి చేర్చాలి. నీళ్ళు వచ్చాక నాటు పడవలో మంచంతో సహా ఎక్కించడం అందరికీ ప్రాణాపాయం. పదిహేను రోజుల మందులు, చీటీలు, ఆధార్, డైపర్లు, పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో జూన్‌లోనే కట్టి ఉంచుకోవాలి. ఇన్సులిన్‌కు చల్లటి చోటు చూసుకోవాలి.

చూసేవారిని చూడడం

రాత్రి నిద్ర లేని మనిషి పగలు మర్యాదగా ఉండలేదు. మంచం పక్క మనిషి కసురుకుందంటే ముందు ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయిందో అడగాలి. తోబుట్టువులు ఫోన్‌లో సలహాలిస్తారు, సెలవులకు వచ్చి లోపాలు వెతుకుతారు. వచ్చిన వారం రోజులూ తామే మంచం దగ్గర ఉండి, చూసే మనిషిని పుట్టింటికి పంపితే అది వంద సలహాల పెట్టు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సంఘం తర్వాతి కాలంలో పొరుగువారినే శిక్షితులైన సేవకులుగా తీర్చిదిద్దింది. నర్సు, పొరుగువారు ఇంటికి వెళ్ళి చూసే పద్ధతి అక్కడ పాదుకుంది. లంకల గన్నవరంలో బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పుట్టి పెరిగిన గోదావరి నేలకు పొరుగుసేవ కొత్త కాదు. అన్నం పెట్టడానికి ఉన్నంత పేరు పక్క మార్చడానికి కూడా రావాలి. సచివాలయ ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఊళ్ళోని రిటైరైన నర్సు కలిసి నెలకొక మధ్యాహ్నం పక్క మార్చడం, తినిపించడం నేర్పితే అందుకు బడ్జెట్టు అక్కర్లేదు.

చివరి రోజుల్లో ఆకలి దానంతటదే తగ్గుతుంది. బలవంతంగా పెట్టడం బాధే. నొప్పి, ఆయాసం, మలబద్ధకం ఉంటే వాటికి మందులున్నాయి, అడగాలి. నోట్లో తులసి తీర్థం పోసే ఆచారం ఉన్న ఇళ్ళలో మింగలేని మనిషికి చెంచాతో పోస్తే ఊపిరాడదు. తడి దూదితో పెదవులు, నాలుక తడిపితే ఆచారమూ తీరుతుంది. ప్రాణం పోతోందని తొందరపడి కింద దించేస్తే, స్పృహలో ఉన్నవారికి ఆ క్షణం ఎలా ఉంటుందో ఆలోచించాలి. ఎక్కడ ఉండాలని ఉంది, ఆస్పత్రా ఇల్లా, ఎవరు దగ్గర ఉండాలి అన్నవి మాట పడిపోకముందే వారిని అడిగి ఉంచుకోవాలి. అడగడం అశుభమనుకుని మానేసిన ఇళ్ళలో, చివరికి ఆయన కోరికను పిల్లలు తలా ఒక రకంగా ఊహించి పోట్లాడుకుంటారు.

పెద్దకర్మ అయ్యాక గాలి పరుపు, వాకరు, కమోడ్ కుర్చీ అటకెక్కుతాయి. అదే సమయంలో నాలుగిళ్ళ అవతల ఎవరో వాటినే కొత్తగా కొంటూ ఉంటారు. గుడిలోనో, చర్చిలోనో, గ్రంథాలయంలోనో ఒక మూల వీటికి చోటిచ్చి, కడిగి, పేరు రాసుకుని ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఏ ఊరైనా ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.